నోరులేని చుట్టాలు

ఆ పొద్దున తాయారు అనుకున్న పని చిన్నదే. కొండమీంచి సంతకొచ్చే దానమ్మ తెచ్చిచ్చిన నలభై అడవి పట్టుగూళ్ళను దేవుడి గదిలో తీగకు వేలాడదీయాలి. లోపలి పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, ఖాళీ గూళ్ళను పొందూరులో వడికించి, జానెడు అమ్మవారి విగ్రహానికి మూరెడు చీర నేయించాలి. మామూలు పట్టుకు పురుగును గూట్లోనే ఉడకబెడతారని విన్నప్పటినుంచి ఆవిడకు పట్టుచీర ముట్టుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. ఒక్క ప్రాణమూ పోకుండా చీర పెడతానని అమ్మవారికి మొక్కుకుంది.

"ఎగిరిపోకపోతే ఏటి సేస్తావు?" అన్నాడు భర్త సూర్యారావు. నరసన్నపేటలో ఆయనది కిరాణా కొట్టు.

"రెక్కలున్నవి ఎగరవేటి?"

ఎగరలేదు. పదోరోజున అరచేయంత రెక్కలతో బయటికొచ్చి, కిటికీ బార్లా తీసినా గోడలు పట్టుకుని కూర్చున్నాయి. గుమ్మంలోకొచ్చినవాళ్ళను ఉత్త కడుపుతో పంపడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. తాయారు బెల్లంనీళ్ళు పెట్టింది, తేనె పెట్టింది, అరటిపండు చిదిమి పెట్టింది. ఒక్కటీ ముట్టలేదు.

"చుట్టాలు పస్తుంటే మనం తింటామేటి?" అని ఆవిడ పొయ్యి వెలిగించలేదు.

సూర్యారావు గుట్టుగా హోటల్లో ఇడ్లీ తిన్నాడు. కొట్టున్న మనిషి హోటల్లో తింటే ఊరు ఊరుకుంటుందా? మొగుడూ పెళ్ళాలకు చెడిందన్న కబురు మధ్యాహ్నానికల్లా గరివిడి చేరింది. మర్నాడు పొద్దున్నే అక్కడినుంచి ఆయన చెల్లెలు రాజకుమారి రాజీ కుదర్చడానికి సంచీతో సహా దిగింది. చేతులు జోడించి దేవుడి గదిలోకి వెళ్ళింది, కళ్ళు మూసుకుని బయటికొచ్చింది.

"దేవుడి గదిలో ఇదేటి వదినా! తోకా తోకా కలుపుకుని!"

తాయారుకు తల కొట్టేసినట్టయింది. చిన్నగా ఎర్రగా ఉన్నవి మగవని రాజకుమారే తేల్చింది. వాటన్నిటినీ సామాన్లగదిలోకి మార్చి గొళ్ళెం పెట్టింది తాయారు. పెద్దవి, పసుపుపచ్చనివి అమ్మవారి దగ్గరే ఉన్నాయి. ఎర్రవి రోజంతా తలుపుకేసి టపటపా కొట్టుకున్నాయి. పాపం ఆకలి అనుకుని ఆవిడ ఇంకాస్త తేనె పోసింది. నాలుగోనాటికి ఆ చప్పుడు తగ్గింది.

సంతరోజున దానమ్మ వచ్చింది.

"తేనెట్టినావా? ఆటికి నోరే నేదు కదమ్మా! పురుగప్పుడే మద్దిచెట్టు ఆకు మేసీసి గూడు కట్టినాయి. ఈ నాలుగు రోజులూ జతకట్టి గుడ్లెట్టడానికే వస్తాయి." గుమ్మంలోంచే దేవుడి గదిలోకి చూసింది, గోడలమీద అన్నీ పసుపుపచ్చనివే. "మగయి ఏవమ్మా?"

 తాయారు వెళ్ళి సామాన్లగది తలుపు తీసింది. గడప వెంబడే పడి ఉన్నాయి, రెక్కల అంచులన్నీ చిరిగిపోయి. ఒక్కటి మాత్రం ఇంకా కదులుతోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని దేవుడి గదికి పరుగెత్తింది. అక్కడ కదిలేది ఒక్కటీ లేదు.

"అడగని తిండి పెట్టాను. వచ్చిన పని సెడగొట్టాను," అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఉడకబెట్టిన వాళ్ళే నయమనిపించింది ఆవిడకు. వాళ్ళు కనీసం మర్యాద పేరు చెప్పలేదు.

చీర తేనెరంగులో ఎంతో బాగా వచ్చింది. కానీ ఒక్క ప్రాణమూ పోలేదని అమ్మవారి మొహం చూసి చెప్పడానికి తాయారుకు నోరు రాలేదు. చీర పెట్టె అడుగునే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఇంటికి ఎవరొచ్చినా తాయారు భోజనం మాట ఎత్తదు. గుమ్మంలోనే ఆపి, ఏ పనిమీద వచ్చారని అడుగుతుంది.