పూర్తికాని ఆట కొనడమే అదృష్టం

పూర్తిగా తయారైన కంప్యూటర్ గేమ్‌ను అమ్మడం నేరమని చట్టం చేయాలి! నవ్వకండి, నేను ఆలోచించే అంటున్నాను. బటన్ నొక్కగానే మొదలై, ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచే గేమ్ కొన్నవాడికి చేయడానికి ఏం మిగులుతుంది? ఆడుకోవడం ఒక్కటే. అదెంతసేపని చేస్తాడు పాపం?

మా ఇంటి సంగతే చూడండి. మా ఆయన పళ్ళ డాక్టరు. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి ఉన్న ఒకే ఒక్క సరదా, సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని రాజ్యాలు జయించడం. మొన్నామధ్య ఓ పెద్ద గేమ్ విడుదలవుతోందని క్లినిక్‌కి సగంపూట సెలవు పెట్టి, తల దువ్వుకుని మరీ కూర్చున్నారు. తీరా కొన్నాక ఆట మొదలవలేదు. ముందు అప్‌డేట్ దించుకోమంది. ఆట ఎంతుందో అప్‌డేట్ దానికి రెండింతలుంది. పుట్టకముందే వైద్యం మొదలుపెట్టారంటే ఎంత ముందుచూపో ఆలోచించండి.

అది దిగేలోగా మా ఆయన ఏడాదిన్నరగా ఊగుతున్న భోజనాల బల్ల కాలు బిగించారు. కిటికీ తుడిచారు. మా అమ్మాయిని పిలిచి ఏ క్లాసులో ఉన్నావని అడిగి, అది చెప్పింది విని "అప్పుడేనా?" అన్నారు. సంసారాలు నిలబెట్టే శక్తి ఒక్క అప్‌డేట్‌కే ఉందని నాకు ఆరోజే అర్థమైంది.

చివరికి ఆట మొదలైంది. రాజుగారు దర్శనమిచ్చారు. కిరీటం వచ్చింది, కనుగుడ్లు రెండూ వచ్చాయి, పళ్ళు వచ్చాయి, మొహం మాత్రం రాలేదు. ఇంకొకరైతే కంప్యూటర్ కట్టేసేవారు. మా ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని తెరకి ముక్కు ఆనించి లెక్కపెట్టారు. "రాజుగారికి నాలుగు పళ్ళు ఎక్కువున్నాయే," అని నన్ను పిలిచి మరీ చూపించారు. మొహం సరిగ్గా ఉండి ఉంటే ఈ విషయం లోకానికి తెలిసేదా? ఆ తర్వాత గుర్రమెక్కితే గుర్రం కాస్తా నేలలోకి దిగిపోయి తల ఒక్కటి మిగిలింది. ఆ తలమీదే కూర్చుని మూడు రాజ్యాలు గెలిచారు.

ఇంత గొప్ప పద్ధతిని మిగతా వృత్తులవాళ్ళు ఎందుకు అందిపుచ్చుకోరో నాకు అంతుబట్టదు. మా దర్జీ ఉన్నాడు, చొక్కాకి రెండు చేతులూ కుట్టాకే ఇస్తాడు. ఎందుకా తొందర? ఒక చెయ్యి ఇప్పుడిచ్చి రెండోది వచ్చే సీజన్‌లో ఇవ్వచ్చుగా? మా ఆయనైతే మరీ పాతకాలం మనిషి. ఏ పన్ను నొప్పెడుతోందో అడిగి, ఎక్స్‌రే తీసి, అప్పుడు పీకుతారు. ఏదో ఒకటి పీకేస్తే, అది కాకపోతే పేషెంటే చెబుతాడు కదా, నోరు అతనిదే కదా!

ఇక్కడ నా ఆడపడుచు గురించి చెప్పాలి. మా ఆయన చెల్లెలు, మాతోనే ఉంటుంది. ఆ గేమ్ తయారుచేసిన కంపెనీలోనే టెస్టర్‌గా ఆరేళ్ళు పనిచేసింది. ఆడుకుంటే జీతమిస్తారా అని చుట్టాలందరూ కుళ్ళుకునేవాళ్ళు. నిజానికి ఆ పిల్ల ఆరేళ్ళూ గోడలకు గుద్దుకుంది. ఆటలోని మనిషి గోడలోంచి అవతలికి జారిపోతాడేమో చూడటం దాని ఉద్యోగం. కోటలో ఉన్న ప్రతి గోడనూ మూలమూలా వందసార్లు గుద్దుకుని, ఎక్కడైనా జారిపోతే ఏం చేస్తే జారాడో, పదిసార్లకు ఎన్నిసార్లు జారాడో రాసి పంపాలి.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఓసారి ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. "బాత్‌రూమ్ తలుపు. లోపల గడియ పెట్టి, బయటినుంచి భుజంతో రెండుసార్లు నెడితే తెరుచుకుంటోంది. పదిసార్లకు పదిసార్లు. తీవ్రత: చాలా ఎక్కువ." ఇంటినిండా చుట్టాలున్న వారం అది. అప్పటికప్పుడు వడ్రంగిని పిలిపించి పరువు దక్కించుకున్నాను. ఆడపడుచుల గురించి మంచి చెప్పడం వదినలకు అంత సులువు కాదు కాబట్టి, పనిమంతురాలని నేనంటున్నానంటే మీరు నమ్మాలి.

ఆ గేమ్ ఎనిమిదో ఘట్టంలో ఒక పడవ ఉంది. పడవవాడితో మాట్లాడకుండా ఎక్కితే మిమ్మల్ని ఓ దీవిలో దింపేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఆట అక్కడే సేవ్ అయిపోతుంది, వెనక్కి వెళ్ళడానికి లేదు. విడుదలకు రెండు నెలల ముందే నా ఆడపడుచు దాన్ని పట్టుకుని మూడుసార్లు రాసింది. పైవాళ్ళు పడవను బాగుచేయలేదు. పడవ గురించి రాసేవాళ్ళను తీసేశారు, మొత్తం పదకొండుమందినీ. "కొనేవాళ్ళు లక్షలమంది ఉన్నారమ్మా, వాళ్ళే ఆడి చెబుతారు. మీరు పదకొండుమందే కదా," అన్నాడట మేనేజరు. ఎంత చక్కటి ఆలోచన! కొన్నవాడే పనివాడు కూడా.

మా ఆయన ముప్ఫై గంటలు ఆడి ఆ పడవే ఎక్కారు. "అన్నయ్యా, ఆగు," అని చెల్లెలు అనేలోపే ఎక్కేశారు. అదీ వరమే అనుకోండి. దీవి చాలా బాగుంటుంది. ఇప్పటికీ క్లినిక్‌లో విసుగెత్తి వచ్చిన రోజున అక్కడికెళ్ళి కాసేపు సముద్రం చూస్తూ కూర్చుంటారు.

ఉద్యోగం పోయిన పిల్ల వేరేచోట ప్రయత్నించాలి కదా? చేయలేదు. దానికి ఆ ఉద్యోగమే కావాలి. పొద్దున్న తొమ్మిదింటికి స్నానం చేసి అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని, దీవిలో చిక్కుకున్న ఆట పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టేది. ఒంటిగంటకి భోజనానికి లేచేది. ఆరింటిదాకా గోడలు గుద్దుకుని, కొన్నవాళ్ళు ఫిర్యాదులు రాసుకునే పేజీలో రిపోర్టులు రాసేది. మూడు వారాల్లో ఎనభైనాలుగు. ప్రతిదాని కిందా తన పేరు, పాత ఉద్యోగి నంబరు పెట్టేది. అవతలినుంచి మాత్రం "ప్రియమైన దంతవీరా, మీ అభిప్రాయం మాకు అమూల్యం," అని వచ్చేది. దంతవీర అంటే ఆటలో మా ఆయన పెట్టుకున్న పేరు.

"ఎందుకే ఈ వెట్టి?" అని నేనంటే, "ఇవి చదివితే వాళ్ళే పిలుస్తారు వదినా. ఎవరో ఒకరు చదవకపోతారా?" అనేది. చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

పోయిన గురువారం నిజంగానే పిలిచారు. పదకొండింటికి వీడియో కాల్. ఆ పిల్ల ఆఫీసు బట్టలు వేసుకుని, వెనకాల గోడకున్న క్యాలెండరు కూడా తీసేసి కూర్చుంది. నేను కెమెరాకి అందకుండా బల్లకు అవతల బఠాణీలు ఒలుస్తున్నాను.

తెరమీద ఒక నవ్వుమొహం ఆయన కనిపించాడు. "మీ రిపోర్టులు అద్భుతమండీ. మావాళ్ళకి కూడా ఇంత శుభ్రంగా రాయడం రాదు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"మీ దగ్గరేనండీ. ఆరేళ్ళు," అంది.

నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. "భలే, అయితే మన మనిషేనన్నమాట. మీకో శుభవార్త. గౌరవ టెస్టర్ అనే బిరుదు ఇస్తున్నాం. ఆటలో మీ బొమ్మకి బంగారు టోపీ కూడా. ప్రపంచం మొత్తం మీద పదిమందికే."

"మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటున్నారాండీ?"

"ఆ విభాగమే లేదు కదండీ ఇప్పుడు. అయినా మీరంతా ఇష్టంతో చేసేవాళ్ళు."

"మరి పడవ?"

"అది మా దృష్టిలో ఉందండీ," అని చెయ్యూపి వెళ్ళిపోయాడు.

నా చేతిలో బఠాణీ నలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది, ఆ పిల్ల మొహం చూస్తే ఏడుపొచ్చింది. బిరుదుల మీద నాకున్న గౌరవం కొద్దీ రెండూ మింగేశాను.

పడవ సంగతి ఇన్ని నెలలుగా చూడలేని కంపెనీ టోపీని మాత్రం అయిదు నిమిషాల్లో పంపింది. తళతళలాడుతూ వచ్చిన ఆ టోపీ దంతవీరుడి తలమీద ఆగకుండా తలలోంచి దిగి మెడకు చుట్టుకుంది. నడిస్తే వెనకబడి, రెండడుగులయ్యాక వచ్చి చేరుతోంది. నా ఆడపడుచు అలవాటు కొద్దీ నాలుగడుగులు నడిపి చూసింది. అటు తిరిగి ఇంకో నాలుగు నడిపింది. పదిసార్లు చూసింది. పేజీ తెరిచి "టోపీ" అని టైపు చేసింది. తర్వాత ఆ ఒక్క మాటా చెరిపేసి కుర్చీ వెనక్కి జరిపింది.

"రాయవా?" అన్నాను.

"రాయను వదినా. ఇది పని. ఇన్నాళ్ళూ ఊరికే చేసింది కూడా పనే," అంది. ఆ మధ్యాహ్నమే నాలుగు కంపెనీలకు దరఖాస్తులు పంపింది.

అయినా పాఠకులారా, పూర్తికాని ఆట వరమన్న మాటకు నేను కట్టుబడే ఉన్నాను. ఆ వరం నడవాలంటే ఎవరింట్లోనో ఒక పనిమంతురాలు జీతం లేకుండా కూర్చోవాలన్న చిన్న సంగతి నాకింతకు ముందు తట్టలేదు, అంతే. మా ఇంట్లో ఆవిడ మానేసింది. టోపీ వచ్చిన మిగతా తొమ్మిదిమందీ దాన్ని మెడకేసుకునే తిరుగుతున్నారట. కాస్త మీలో ఎవరైనా కంపెనీకి రాసిపెట్టండి. మీరంతా ఇష్టంతో చేసేవాళ్ళట కదా.