రెండూ దిగలేదు

ఆ గురువారం ఉదయం లిఫ్టుల సూపర్‌వైజర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కుందేలును డాక్టరుకు అప్పజెప్పాలి, పదకొండున్నరకల్లా ఆఫీసులో కనిపించాలి, సాయంత్రం ఇంటికి వెళ్తూ కుందేలును తీసుకుపోవాలి. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి కాబట్టి, పైకెక్కిన ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు దిగుతుందనే నమ్మకం ఆయనకు ఇంకా కాస్త మిగిలి ఉంది.

కుందేలు పేరు దొర. మొదట్లో దొరసాని. అమ్మినవాడు ఆడదనే ఇచ్చాడు, తిరగేసి చూసినవాళ్లందరికీ ఆడదిగానే కనిపించింది. నాలుగు నెలలు బుద్ధిగా క్యారెట్లు కొరుకుతూ కూర్చున్న ఆ ప్రాణి, ఐదో నెలలో సోఫా కాళ్లు, చెప్పుల స్టాండు, ఇస్త్రీ చేసిన బట్టలు అన్నీ తనవేనంటూ తడిపి ముద్రలు వేయడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన వేళ్లతో నొక్కి నొక్కి చూసి, ఇది మగదేనని, కాకపోతే వృషణాలు రెండూ కిందికి దిగకుండా లోపలెక్కడో ఉండిపోయాయని తేల్చాడు. ఆ రోజే ఇంట్లో దాని పేరు సగానికి కత్తిరించారు.

మిగతా ముద్రలను అందరూ ఓర్చుకున్నారు గాని, పోయిన ఆదివారం దొర నేరుగా వెళ్లి అత్తగారి పరుపు మీద సంతకం చేశాడు. అత్తగారు ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరై, కూతురి దగ్గరే ఉంటున్నారు. మాట తక్కువ, గొంతు ఎక్కువ. పరుపు ఎండలో వేయించి, అల్లుణ్ని పిలిచి ఒక్కటే మాట చెప్పారు.

"గురువారం సాయంత్రానికి వాడికి ఆపరేషనైనా అవ్వాలి, వాడు ఇల్లయినా వదలాలి."

కుందేళ్లకు ఆపరేషన్ చేసే డాక్టరు నెలకొక్క గురువారమే వస్తాడు, ఒంటిగంటకల్లా వెళ్లిపోతాడు. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే నెలే. అత్తగారి క్యాలెండరులో వచ్చే నెలనేది లేదు. సూపర్‌వైజర్ బుట్ట పట్టుకుని గుమ్మం దాటబోతుంటే మూడో తరగతి చదివే కూతురు చొక్కా పట్టుకుంది.

"నాన్నా, దొరను మళ్లీ తెచ్చేస్తావుగా?"

"తెస్తాలేమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాడాయన. ఇలాంటి ఒట్లు వేసి వేసి ఆయనకు నీరసం వచ్చేసింది. అంతలో అత్తగారు చెప్పులేసుకుని, శాలువా కప్పుకుని, చేతిసంచీ తగిలించుకుని వచ్చి నిలబడ్డారు.

"మీకెందుకు అత్తయ్యగారూ శ్రమ?"

"నీ సంగతి నాకు తెలీదా? డాక్టరు రేపు రమ్మంటే సరేనని బుట్టతో సహా వచ్చేస్తావు. పద."

అందులో అబద్ధమేమీ లేకపోవడంతో ఆయన పదమన్నట్టే నడిచాడు.

క్లినిక్ నీలం అద్దాల బిల్డింగులో నాలుగో అంతస్తు. ఆ బిల్డింగుకు రెండు లిఫ్టులు, రెండింటి బాగోగులూ సూపర్‌వైజర్ కంపెనీవే. డాక్టరు దొరను చల్లటి స్టీలు బల్ల మీద పడుకోబెట్టి ఇటు నొక్కాడు, అటు నొక్కాడు, పెదవి విరిచాడు.

"ఎక్కడున్నాయో తెలీకుండా పొట్ట కోయలేనండీ. కింద బేస్‌మెంటులో స్కానింగ్ ఉంది, చీటీ రాసిస్తారు, తీయించుకుని రండి. తర్వాత కోసి తీసేద్దాం. అలా వదిలేస్తే గడ్డలు కట్టి ప్రాణం మీదికొస్తుంది."

చీటీ రాసేలోపు ఈ సంగతి భార్యకు చెబుదామని సూపర్‌వైజర్ వరండాలోకి వచ్చాడు. ఆయన ఫోనులో భార్య నంబరు కిందే ఆఫీసు కంప్లైంట్ల డెస్కు నంబరుంటుంది. రోజుకు నలభైసార్లు డెస్కుకు నొక్కే బొటనవేలు, ఆ పూట ఆయన సెలవు పెట్టాడన్న సంగతి పట్టించుకోలేదు.

"నేనే. నీలం అద్దాల బిల్డింగుకొచ్చాం. నాలుగో అంతస్తులో ఉన్నా. రెండూ దిగలేదట."

"ఆఁ," అంది అవతలి గొంతు.

"పైనే ఎక్కడో ఇరుక్కుపోయాయి. సరిగ్గా ఎక్కడో తెలీడం లేదు."

"ఆఁ."

"డాక్టరు ఇక్కడే ఉన్నాడు. కోసి తీయాల్సిందే అంటున్నాడు. వదిలేస్తే ప్రాణం మీదికొస్తుందట. సరే, ఉంటా."

ఇంట్లో కూడా ఆయన మాటలకు వచ్చే జవాబు ఆ "ఆఁ" ఒక్కటే కాబట్టి అనుమానం రాలేదు. డెస్కులో ఉండేది పన్నెండేళ్లుగా విన్న మాట విన్నట్టే రిజిస్టరులో దించే మనిషి. రాస్తున్నప్పుడు ఆవిడకు వేరే మాట రాదు. రాసింది ఒకసారి చదువుకుంది. నీలం అద్దాల బిల్డింగు, లిఫ్టులు రెండు, రెండూ దిగలేదు, పైన ఇరుక్కున్నాయి, డాక్టరు వచ్చేశాడు, కోయాలి, ప్రాణం మీదికి వచ్చింది. పాపం, సెలవు పెట్టిన పూట కూడా సారే ముందు చేరుకున్నారనుకుని ఆవిడకు కళ్లు చెమర్చాయి. పక్క వీధిలో పనిచేస్తున్న ఇద్దరు మెకానిక్‌లకు ఫోన్ చేసి, కోసే మిషనుతో సహా పరిగెత్తమంది.

వాళ్లు పరిగెత్తారు. లిఫ్టులు లేవనుకుని మెట్లమీదే ఏడంతస్తులూ ఎక్కి, రొప్పుకుంటూ డాబా మీది మిషను గదిలో పడ్డారు. ఆ గది గోడ మీద సూపర్‌వైజర్ స్వహస్తాలతో రాసి అతికించిన కాగితం ఉంది: 'ముందు మెయిన్ ఆపు. తర్వాత మాట్లాడు.' వాళ్లు రెండు మెయిన్‌లూ ఆపేశారు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్, అత్తగారు, బుట్టలో దొర స్కానింగ్ కోసం కిందికి దిగుతున్నారు. లిఫ్టు మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య కుదుపుతో ఆగిపోయింది. లోపల మిణుకుమిణుకుమనే చిన్న దీపం ఒక్కటి వెలిగింది.

సూపర్‌వైజర్ అలారం మీట నొక్కాడు. మోగలేదు. దాని బ్యాటరీ మార్చాలని మెకానిక్‌లు రెండు నెలల కిందటే రిజిస్టరులో రాశారు. ఆ గడిలో 'చూద్దాం' అని రాసి సంతకం పెట్టింది ఈయనే. ఫోను చూశాడు. సిగ్నలు లేదు. తలుపు మీద దబదబా బాదాడు, ఎవరైనా ఉన్నారా అని అరిచాడు, చివరికి చేసేదేమీ లేక గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"కంగారు పడకండి అత్తయ్యగారూ, పది నిమిషాల్లో వచ్చేస్తారు," అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఇరుక్కున్నవాళ్లకు బయటినుంచి చెప్పిన మాట అది. లోపలినుంచి వింటే ఇంత పేలవంగా ఉంటుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"ఇదేనా నువ్విన్నాళ్లూ చేస్తున్న ఉద్యోగం?"

"ఇదేనండీ."

"బాగుంది," అన్నారు అత్తగారు.

బుట్టలో దొర గజగజా వణికిపోతున్నాడు. వెనక కాళ్లతో టకటకా తంతున్నాడు. అత్తగారు ఆ చప్పుడు విని తానూ నేలమీద చతికిలబడి చేతులు చాచారు.

"వాణ్నిలా ఇవ్వు."

"మీకా?"

"గుండె పగిలి చచ్చేట్టున్నాడు. ఇవ్వవయ్యా!"

ఆవిడ దొరను ఒళ్లో వేసుకుని శాలువా కప్పారు. జోలపాటలు ఆవిడకు ఎన్నడూ రాలేదు. ఉన్న కూతుర్ని కూడా డ్రిల్లు లెక్కతోనే నిద్రపుచ్చారు. ఇప్పుడూ అదే అందుకున్నారు. "ఒకటి... రెండు... ఒకటి... రెండు..." అంటూ వీపు నిమురుతుంటే దొర వణుకు తగ్గింది. చెవులు వాలాయి. పావుగంటకు కాళ్లు బార్లా చాపి, పక్కకు ఒరిగి, పళ్లు సన్నగా నూరుకుంటూ నిద్రకు పడ్డాడు.

"అల్లుడూ," అన్నారు అత్తగారు గుసగుసగా.

"ఏంటండీ?"

"దిగాయి."

"లిఫ్టా? కదల్లేదే!"

"లిఫ్టు కాదయ్యా. రెండూ దిగాయి."

సూపర్‌వైజర్ ఫోను లైటు వేసి చూశాడు. నిజమే. సందేహానికి తావు లేకుండా, చక్కగా, రెండూ ఉన్నాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇక స్కానింగూ అక్కర్లేదు, పొట్ట కోయనూ అక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక గీత సిగ్నలు మొలిచి, ఫోను మోగింది.

"సార్... రెండూ... దిగాయా?" గరగరలాడుతూ ఒక ఆడగొంతు అడిగింది.

క్లినిక్‌వాళ్లే ఆరా తీస్తున్నారనుకున్నాడు. "దిగాయండీ! రెండూ దిగాయి! కోసే పని లేదు. మా అత్తగారు ఒళ్లో పెట్టుకుంటే వాటంతటవే దిగాయి!"

లైను తెగింది, సిగ్నలూ పోయింది. చివరి వాక్యం అర్థం కాకపోయినా డెస్కులో ఆవిడ దాన్నీ పొల్లుపోకుండా రిజిస్టరులో రాసి, కింద ఎర్రగీత కొట్టి, మెకానిక్‌లకు ఫోన్ చేసి పని ముగిసిందని చెప్పింది.

మళ్లీ క్లినిక్‌కు ఫోన్ కలుస్తుందేమో చూద్దామని నంబరు వెతికినప్పుడుగాని సూపర్‌వైజర్‌కు అసలు సంగతి తెలియలేదు. ఇప్పుడు వచ్చిన ఫోను ఆఫీసుది. పొద్దున తాను చేసిందీ ఆఫీసుకే. పొద్దున అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. మెకానిక్‌లు వచ్చి మెయిన్ ఆపేసి ఉంటారని గ్రహించి, తల పట్టుకుని, జరిగిందంతా అత్తగారికి చెప్పాడు.

"సరే, పని అయిపోయిందనుకున్నారుగా. స్విచ్ వేసేసి పోతారు. మనం దిగుతాం," అన్నారావిడ.

"వెయ్యరండీ. ఇరుక్కున్న లిఫ్టును సూపర్‌వైజర్ చూసి సంతకం పెట్టేదాకా స్విచ్ వెయ్యకూడదని రూలు."

"ఆ సూపర్‌వైజరెవరు?"

"నేనేనండీ."

"రూలు పెట్టిందెవరు?"

"అదీ నేనేనండీ."

అత్తగారు ఒకటి, రెండు అనుకుంటూ దొర వీపు నిమిరారు. గంట గడిచింది. సూపర్‌వైజర్ అరవబోయినప్పుడల్లా ఆవిడ నోటిమీద వేలు పెట్టి కళ్లురిమారు. పన్నెండున్నరకు చెమట తుడుచుకుందామని ఆవిడ సంచీలోంచి చేతిరుమాలు లాగితే, దాంతోపాటు ఇత్తడి ఈల ఒకటి ఖంగుమని నేలమీద పడింది. ఆయన దాన్ని చూశాడు, ఆవిణ్ని చూశాడు.

"ఇది ఇంతసేపూ మీ దగ్గరే ఉందా?"

"ముప్పై ఏళ్లుగా ఉంది."

"మరి ఊదొచ్చుగా అత్తయ్యగారూ!"

"నిద్రపోతున్నవాడి నెత్తిన ఊదమంటావా? అదిరిపడి మళ్లీ పైకి లాక్కుంటే పొట్ట కోస్తారు. నువ్వు కోయించుకుంటావా?"

"ఒంటిగంటకు డాక్టరు వెళ్లిపోతాడండీ. ఇవాళ ఆపరేషన్ కాకపోతే మీరు వీణ్ని ఇంట్లోకి రానివ్వరు. పిల్లకు ఒట్టేసి వచ్చాను."

"రానివ్వనని ఎవరన్నారు?"

"మీరే. ఆదివారం."

"ఆదివారం మాటలు ఆదివారంతోనే పోయాయి," అన్నారు అత్తగారు. ఇవాళ తప్పితే అవి మళ్లీ పైకెక్కి ఉండిపోవచ్చు. పైనే ఉంటే గడ్డలు కడతాయని డాక్టరు అన్న మాట ఆవిడకూ గుర్తుంది. శాలువాను నాలుగు మడతలు వేసి దొర చెవులకు చుట్టి, వాణ్ని అల్లుడి చేతుల్లో పెట్టి, ఈల అందుకున్నారు.

అయిదు వందలమంది పిల్లల్ని ఒక్క ఊపులో వరసగా నిలబెట్టిన ఊపిరి అది. నీలం అద్దాల బిల్డింగులో కుర్చీల్లో ఉన్నవాళ్లు కొందరు లేచి నిలబడ్డారు. రెండో అంతస్తు మెట్లమీద కూర్చుని టీ తాగుతున్న మెకానిక్‌లు గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చి, తలుపు వేలెడంత తెరిచి లోపలికి తొంగిచూశారు.

"సార్! మీరిక్కడున్నారా? మీ సంతకం కోసం గంట నుంచి వెతుకుతున్నాం!"

"ముందు స్విచ్ వెయ్యండ్రా!"

"వేసేస్తాం సార్. సంతకం..." అంటూ కాగితం సందులోంచి లోపలికి తోశారు. 'లిఫ్టును స్వయంగా పరిశీలించాను, ఏ లోపమూ లేదు' అన్న అచ్చు అక్షరాల కింద, ఇరుక్కున్న లిఫ్టులో కూర్చునే సూపర్‌వైజర్ సంతకం పెట్టాడు. ఐదు నిమిషాల్లో లిఫ్టు కదిలింది.

పన్నెండూ నలభై ఐదుకు దొర మళ్లీ స్టీలు బల్ల మీదున్నాడు. రెండూ దిగాయన్న శుభవార్త విని ఉత్సాహంగా చేయి పెట్టిన డాక్టరు వెతికాడు, మళ్లీ వెతికాడు.

"ఏవండీ? లేవే!"

ఈల దెబ్బకు రెండూ మళ్లీ పైకెక్కాయి. సూపర్‌వైజర్‌కు ఏడుపొక్కటే తక్కువ. డాక్టరు గడియారం చూసుకుని, ఇక వచ్చే నెల అని నోరు తెరవబోయాడు.

"ఆ చేతులు తియ్యవయ్యా ముందు. మంచుగడ్డల్లా ఉన్నాయి," అన్నారు అత్తగారు. "కుర్చీ వేయించు."

ఆవిడ కూర్చుని, దొరను ఒళ్లో వేసుకుని, శాలువా కప్పి లెక్క మొదలుపెట్టారు. ఒకటి, రెండు. డాక్టరు, నర్సు, సూపర్‌వైజర్ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఏడు నిమిషాలకు ఆవిడ శాలువా అంచు కొంచెం ఎత్తి చూపించారు. డాక్టరు వంగి చూసి సిగ్గుపడ్డాడు.

"వీడికి దిగకపోవడమేమీ లేదండీ. నన్ను చూసి భయపడి పైకి లాక్కుంటున్నాడు, అంతే," అని ఒప్పుకుని, ఆ ఒళ్లోనే మత్తు సూది వేశాడు. పొట్ట కోసే పని లేకుండా చిన్న ఆపరేషన్‌తో ఒంటిగంటన్నరకు అంతా ముగిసింది.

సాయంత్రం కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చి బుట్టను వాటేసుకుంది. దొరకు పక్క ఎక్కడ వేయాలని ఇంట్లో చర్చ మొదలవుతుండగానే అత్తగారు వాణ్ని తీసుకుపోయి తన పరుపు మీద పడుకోబెట్టారు. దానిమీద వాడి సంతకం ఎలాగూ ఉందన్నారు.

మర్నాడు ఆఫీసులో డెస్కు ఆవిడ రిజిస్టరు తెచ్చి సూపర్‌వైజర్ ముందు పెట్టింది. 'ఇరుక్కోవడానికి కారణం' అన్న గడి ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు ఆలోచించి 'భయం' అని రాశాడు. ఆ పక్కనే అలారం బ్యాటరీ గడి కూడా ఖాళీగా ఉంటే, అందులో 'చూద్దాం' అని రాసి సంతకం పెట్టాడు.