పైపు కారుతోందని రాయరాదు

అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషుతో నడిచే కంపెనీ బాగుపడదని పదసంపద అధికారి తేల్చాడు. (ఆ పదవి అంతకుముందు లేదు. ఆయన కుర్చీ క్యాంటీన్ నుంచి వచ్చింది.) ఆ రోజు నుంచి హైస్కూలు పిల్లలకు తెలిసిన మాట మెయిల్‌లో కనిపిస్తే కంపెనీ మెయిల్ యాప్ దాన్ని తిప్పి పంపేది.

స్టోర్ కీపర్ ఉద్యోగం ఆ నెలాఖరుకు పర్మనెంటు కావాలి. ఆ నెలలోనే స్టోర్‌రూమ్‌లో పైపు కారడం మొదలైంది. కింద కాగితం కట్టలున్నాయి. పైపు కారుతోందని ఆమె ఇంగ్లీషులో రాసింది. "తెలిసిన మాటలు. మెరుగుపరచండి" అంది యాప్. ఆమె పైపు కింద బకెట్ పెట్టి, డిక్షనరీ తీసింది.

బకెట్ నిండేసరికి కారడానికి "ఎక్స్యుడేషన్" అన్న మాట దొరికింది. మెయిల్ వెళ్ళింది. ప్లంబర్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఎక్స్యు... అదేదో వచ్చిందట. ఎవరికి?"

"పైపుకి, తమ్ముడూ. నీళ్ళు కారుతున్నాయి."

"ఆ ముక్క రాసి ఉంటే పానా పట్టుకుని వచ్చేవాణ్ణిగా."

"రాస్తే మెయిల్ పోలేదు. ఇప్పుడు తెలిసిందిగా, రా."

"ఫోన్‌లో చెప్తే లెక్కలోకి రాదక్కా. వస్తున్నానని మెయిల్ పెడితేగానీ గేటు పాస్ ఇవ్వరు. 'వస్తున్నా' కూడా తెలిసిన మాటేనట. పెద్దది వెతుకుతున్నా, కాస్త ఓపిక పట్టు."

ఆమె ఓపిక పట్టింది. పైపు పట్టలేదు. ప్లంబర్‌కి మాట దొరికేసరికి కట్టలన్నీ నాని ముద్దయ్యాయి.

నెలాఖరు మీటింగులో అధికారి ఆమె మెయిల్‌ని నిలబడి చదివాడు. ఎక్స్యుడేషన్‌కి ఆ నెల మొదటి బహుమతి ఇచ్చాడు. తర్వాత నానిన కట్టల గురించి, ఆమె ఉద్యోగం గురించి ఒక వాక్యం చదివాడు. అందులో ఆమెకు తెలిసింది తన పేరొక్కటే. (అర్థం కాలేదని అడిగితే మార్కులు తగ్గుతాయి.) అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

"ఏమన్నాడే?" అని పక్కనున్న టైపిస్టుని గొణుగుతూ అడిగింది.

"పర్మనెంటే అయ్యుంటుంది. లేకపోతే అంత పొడుగు మాట ఎందుకంటాడు?"

మర్నాడు గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే.

"ఏమైందన్నా దీనికి?"

"నిన్ను తీసేశారమ్మా" అన్నాడు వాచ్‌మన్.

వాచ్‌మన్లకు పదసంపద శిక్షణ వచ్చే నెల మొదలవుతుంది.