రాధాకృష్ణ గారి గార్డియన్

సౌదీలో పనివారం మొదలయ్యే ఆ ఆదివారం పొద్దున రాధాకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కడుపునిండా ఇడ్లీ తినడం, కూతుర్ని కాలేజీ గేటు దగ్గర దింపడం, అటునుంచి అటే ఆఫీసుకు పోయి, కిటికీ పక్కనున్న తన కుర్చీలో కూర్చుని తన కింద పనిచేసేవాళ్ళ మీద కేకలు వేయడం. అల్ ఖోబర్‌లో ఒక పంపుల కంపెనీలో ఇన్నేళ్ళుగా ఇంజనీరుగా ఉంటున్న మనిషికి అంతకు మించిన కోరికలు ఉండవు. ఆయన కేక వేస్తే మూతపడ్డ పంపులు కూడా భయంతో నీళ్ళు తోడేవని కంపెనీలో చెప్పుకుంటారు. అందులో సగం తీసేసినా మిగిలేది తక్కువ కాదు.

కూతురు శ్రీలేఖ పదకొండో తరగతి. ఆ ఏడాది వాళ్ళ ఇండియన్ స్కూలు దగ్గర్లోని ఒక కమ్యూనిటీ కాలేజీతో ఒప్పందం చేసుకుంది. పిల్లలు స్కూల్లో చదువుతూనే ఆ కాలేజీలో ఒక కోర్సు చేయవచ్చు. ఆ మార్కులు రేపు డిగ్రీలో లెక్కకొస్తాయి. ఈ సంగతి రాధాకృష్ణ కాకినాడలోని బావమరిదికి ఫోన్ చేసి గొప్పగా చెబితే, "పది అయ్యాక అందరూ కాలేజీకేగా బావా పోయేది, ఇంటర్‌కి! ఇందులో వింతేముంది?" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా బావమరిది ఫోన్ వస్తే రాధాకృష్ణ ఎత్తడం లేదు.

శ్రీలేఖకు సైకాలజీ మీద ఇష్టం. ఆ మాట అప్పుడే అడిగింది కూడా.

"మనసులు చదివే కోర్సు మనింట్లో ఎందుకమ్మా? నా మనసులో ఏముందో నేను రోజూ గట్టిగానే చెబుతున్నానుగా!" అని మండిపడ్డాడు తండ్రి. "నీటిశుద్ధి తీసుకో. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే విద్య. పంపులుంటాయి. మన లైను."

"నాన్నా, ఒక్కమాట..."

"తర్వాత. పిల్లల్ని ఖాళీగా వదిలితే ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. అడక్కూడదు, చేర్చెయ్యాలి!" అని ఆమె చేతిలో ఫోను లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టాడు. ఆ ఇంట్లో ఫ్రిజ్ లోపల కూరగాయలు, పైన శ్రీలేఖ ఫోను ఉంటాయి.

స్కూలు వాళ్ళు పంపిన కాగితాన్ని టీ కప్పు కింద పెట్టి, తిన్నగా కాలేజీ వెబ్‌సైటు తెరిచి కూర్చున్నాడు. భార్య చాముండేశ్వరి ఆ కప్పూ కాగితమూ రెండూ తీసుకుని వంటింట్లోకి పోతూ, "ఏమండీ, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి," అంది.

"నాకు తెలీదా? పాస్‌పోర్టు కాడనుంచి పళ్ళ డాక్టరు దాకా దానికన్నీ నేనే చేశాను."

అక్కడే వచ్చింది చిక్కు. గల్ఫులో పాతికేళ్ళు సంసారం చేసిన తండ్రికి పిల్లల పనులన్నీ తన ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, మీదే నడుస్తాయి. ఎక్కడ నంబరు అడిగినా తన నంబరు, ఎక్కడ ఫోను అడిగినా తన ఫోను ఇచ్చి అలవాటు. దరఖాస్తుదారు ఎవరు అని సైటు అడిగింది. దరఖాస్తు పెడుతున్నది ఎవరు? తనే. కనుక తన పేరు రాశాడు. ఫోటో అడిగితే తన ఫోటో పెట్టాడు. గార్డియన్ ఎవరు అంటే మళ్ళీ తన పేరే రాయబోయాడు గానీ, ఒకే మనిషి రెండు చోట్లా ఉండకూడదని సైటు ఎర్రగా అరిచింది. పిల్ల పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని అక్కడ శ్రీలేఖ పేరు, ఆమె ఫోను నంబరు పెట్టాడు. కంప్యూటరు కిమ్మనలేదు. మనిషి వయసు చూసి ముక్కున వేలేసుకునే అలవాటు దానికింకా రాలేదు.

అలా ఆ ఆదివారం తండ్రీ కూతుళ్ళు కారెక్కారు. దారిలో శ్రీలేఖ నోరు తెరిచింది.

"నాన్నా, ఒక్కమాట చెప్పాలి..."

"తర్వాత చెబుదువుగాని. ట్రాఫిక్ చూశావా? పొద్దున్నే ఒంటెల్ని రోడ్డెక్కిస్తే ఇంతకన్నా పద్ధతిగా పోతాయి!"

కాలేజీ గేటు దగ్గర కుర్ర సెక్యూరిటీ శ్రీలేఖ ఇకామా మిషను మీద పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. రాధాకృష్ణ ఇకామా పెట్టాడు. పచ్చదీపం వెలిగి, పక్కనున్న పెట్టెలోంచి ఆయన ఫోటోతో ఒక కార్డు బయటపడింది. కుర్రవాడు దాన్ని ఆయన మెడలో వేసి, "తాలిబ్!" అని లోపలికి దారి చూపించాడు. స్టూడెంటు అని దానర్థం. శ్రీలేఖ వైపు తిరిగి, పక్కనున్న గదిలో కూర్చోమని సైగ చేశాడు. ఆ గది మీద 'గార్డియన్లు వేచి ఉండు స్థలం' అని రెండు భాషల్లో రాసి ఉంది.

రాధాకృష్ణకు ముందు నవ్వొచ్చింది. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వేసిన కేకకు గేటు మీది పావురాలన్నీ లేచి సముద్రం దాటి బహ్రెయిన్ పోయాయని, సాయంత్రానికి గానీ తిరిగి రాలేదని కాలేషా ఇప్పటికీ చెబుతాడు. శ్రీలేఖతో చదివే తన కూతురు ఆయేషా ఫీజు కట్టి వస్తూ ఆ కాలేషా గేటు దగ్గర కళ్ళారా చూశాడు. రాయచోటి మనిషి, ఖోబర్‌లో అత్తరు కొట్టు నడుపుతాడు.

"ఏంది సామీ, నువ్వు గూడా చదువుకుంటాండావా? మెళ్ళో కార్డు భలేగుండాది!" అని ఫోటో తీశాడు.

"నేనేంటి చదవడం కాలేషా! వీళ్ళకి బుద్ధి లేదు!"

"అట్లంటే ఎట్ల? చదువుకునేదానికి సిగ్గుపడగూడదు. మాషా అల్లా!" అని దీవించి, ఆ ఫోటోను తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి మరీ కారెక్కాడు.

రాధాకృష్ణ రిజిస్ట్రేషన్ కౌంటరు మీద పడ్డాడు. అక్కడ వాజిద్ అనే హైదరాబాదు కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

"నా కూతురికి సీటడిగితే నాకిచ్చారేంటయ్యా? కళ్ళు కనబడవా? నేను పదకొండో తరగతి పిల్లలా ఉన్నానా?"

వాజిద్ స్క్రీను చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ స్క్రీను చూశాడు. "జర ఠండా గాండ్రి సార్. మీరే నింపిన్రు, మీరే సబ్మిట్ కొట్టిన్రు. నీటిశుద్ధి, మగపిల్లల సెక్షన్. సీటు పక్కా."

"తీసేసి పిల్లకివ్వు!"

"నాతోని గాదు సార్. డీన్ సార్ చెయ్యాలె. ఆయన ఫస్ట్ క్లాసు అయినంక వస్తడు. కానీ ఫస్ట్ క్లాసుకు రాకుంటె సీటు ఖలాస్. వెయిటింగ్‌ల ఉన్నోళ్ళకు పోతది. గప్పుడు డీన్ సార్ గూడ ఏం జెయ్యలేడు."

"అంటే ఇప్పుడు ఆ క్లాసులో ఎవరు కూర్చోవాలి?"

"కార్డు ఎవరి మెడల ఉంటె వాళ్ళు."

రాధాకృష్ణ గార్డియన్ల గది దగ్గరికి వచ్చాడు. మొహం మీద యుద్ధానికి పోతున్నవాడి కళ ఉంది. "నీ సీటు పోనివ్వను తల్లీ. ఈ ఒక్క గంటా ఓపిక పడతాను. ఇదెక్కడి అన్యాయమో డీన్‌ని నిలబెట్టి అడుగుతాను!"

"నాన్నా, అసలు సంగతేంటంటే..."

"తర్వాత!"

శ్రీలేఖ నిట్టూర్చి, బ్యాగులోంచి పుస్తకం తీసింది. దాని అట్ట మీద ఒక పెద్ద తలకాయ బొమ్మ ఉంది. ఆయన చూడలేదు.

క్లాసులో మీసాలు మొలిచీ మొలవని కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఈయన లోపలికి రాగానే పంతులనుకుని అందరూ లేచి నిలబడ్డారు. రాధాకృష్ణకు ఆ పొద్దున మొదటిసారి కాస్త చల్లగా అనిపించింది. ఆ చల్లదనం అసలు పంతులు వచ్చేదాకానే. అతనూ కుర్రాడే. వచ్చీ రాగానే, "కొత్త స్టూడెంటా? ముందు బెంచీలో కూర్చో," అన్నాడు. తనను ఏకవచనంలో పిలిచినట్టు ఇంగ్లీషులో కూడా రాధాకృష్ణకు వినిపించింది.

పంతులు బోర్డు మీద ఉప్పునీటి పంపు బొమ్మ గీశాడు. రాధాకృష్ణ పళ్ళు బిగించి ఊరుకున్నాడు. పంతులు దానికి వాల్వు గీశాడు. ఇక ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఆ వాల్వు అక్కడుంటే ప్లాంటు పేలిపోతుంది!" అని లేచాడు.

"పేలదు."

"పేలుతుంది! నేను పంపులతో బతికినవాణ్ణి. మా ఇంట్లో పిల్ల కంటే ముందు పంపు పుట్టింది!"

పంతులు కోపగించుకోలేదు. ఆ రకం పంపు కొత్తగా వచ్చిందని, వాల్వు అక్కడే ఉంటుందని, ఇప్పుడు పెద్ద ప్లాంట్లలో అదే వాడుతున్నారని తెర మీద బొమ్మ వేసి చూపించాడు. వాల్వు అక్కడే ఉంది. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. రాధాకృష్ణ ఆ తెరను కూడా అనుమానంగానే చూశాడు.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. అవతల ఆఫీసులో తన కింద పనిచేసే రామాంజి.

"సార్, గ్రూపులో ఫోటో చూశాం. కంగ్రాట్స్ సార్! మేనేజరుగారికి కూడా చూపించాను. ఉద్యోగం మానేస్తున్నట్టేగా? ఏం లేదు, ఆ కిటికీ పక్క కుర్చీ నాకిప్పిస్తారేమోనని..."

"రామాంజీ! ఆ కుర్చీ మీద చెయ్యి వేశావంటే నిన్ను దేశానికి ఆ చివరున్న యాన్బు ప్లాంటుకి తోలేస్తాను! నేను క్లాసులో ఉన్నాను, పెట్టెయ్!"

ఆ కేకకు బోర్డు మీది గీత వంకర పోయింది. పంతులు మార్కరు మూతపెట్టి, ఏదో బటను నొక్కి, తలుపు వైపు వేలు చూపించాడు.

గార్డియన్ల గదిలో శ్రీలేఖ ఫోను టింగుమంది. 'మీ సంరక్షణలో ఉన్న విద్యార్థి రాధాకృష్ణ తరగతిలో ఫోను మాట్లాడుతూ, కొత్త రకం వాల్వు గురించి ఉపాధ్యాయునితో వాదిస్తూ ఉన్నాడు. గార్డియన్ వెంటనే డీన్ గదికి రాగలరు.'

డీన్ తెల్లగడ్డం పెద్దమనిషి. ఎదురుగా మెడలో కార్డుతో రాధాకృష్ణ నిలబడి ఉన్నాడు. కుర్చీ ఒకటే ఉంది. డీన్ దాన్ని శ్రీలేఖకు చూపించి, "గార్డియన్ కూర్చోవాలి," అన్నాడు. అరబ్బీని తెలుగులోకి, తెలుగును అరబ్బీలోకి మార్చి చెప్పడానికి వాజిద్‌ను పిలిపించారు.

"నేను కూర్చోవాలి! తండ్రిని నేను!" అన్నాడు రాధాకృష్ణ.

"మీరు కొంచెం సేపు చుప్ ఉండుండ్రి సార్. గార్డియన్‌తోని మాట్లాడుతున్నరు."

"నా సంగతి వదిలెయ్. నేను నానా అవమానమూ పడి కాపాడిన ఆ సీటు దానికిమ్మను. ఇంకేమీ వద్దు నాకు!" అంటూ రాధాకృష్ణ మొదటిసారి కేక తగ్గించాడు. ఎంత కేకలేసినా, ఆ క్లాసులో అన్ని నవ్వుల మధ్య ఆయన కూర్చున్నది కూతురి కోసమే.

శ్రీలేఖకు జాలేసింది. "నాన్నా, ఇప్పుడైనా చెప్పనిస్తావా?"

ఆయన నోరు తెరిచాడు. 'తర్వాత' అనే మాట గొంతు దాకా వచ్చి, డీన్ మొహం చూసి వెనక్కి పోయింది.

"స్కూలు పిల్లలకి మనం అప్లై చెయ్యక్కర్లేదు నాన్నా. పేర్లు స్కూలే పంపిస్తుంది. నాదీ, ఆయేషాదీ ఎప్పుడో వచ్చేశాయి. ఆడపిల్లల సెక్షన్ ఆ వెనకాల గేటు. మా క్లాసు మధ్యాహ్నం. అందుకే ముందు గేటులో నా ఇకామాకి ఎర్ర లైటొచ్చింది. నువ్వు పెట్టింది స్కూలు అయిపోయినవాళ్ళ అడ్మిషన్."

"నీదెప్పుడో వచ్చేసిందా? ఏ కోర్సు?"

"సైకాలజీ."

"సంతకం ఎవరు పెట్టారు?"

"నీ టీ కప్పు కింద కాగితం మీద అమ్మ పెట్టింది."

రాధాకృష్ణ ఒక్కసారి గాలి తీసిన టైరులా కిందికి దిగి, మళ్ళీ అంతలోనే ఉబ్బాడు. "ఇంట్లో ఇంత కుట్రా! సరే, ఇంకేముంది? నా పేరు కొట్టెయ్యమను. నేను పోతాను!"

వాజిద్ అరబ్బీలో చెప్పాడు. డీన్ తాపీగా జవాబిచ్చాడు. వాజిద్ తెలుగులోకి తెచ్చాడు. "కొట్టేస్తరంట సార్. కానీ మానిపియ్యాల్నంటె గార్డియన్ ఒప్పుకోవాలె. కోడ్ గార్డియన్ ఫోనుకొస్తది. గామెను అడుగుతున్నరు."

డీన్, వాజిద్ ఇద్దరూ శ్రీలేఖ వైపు తిరిగారు. ఆమె ఫోను టింగుమంది. కోడ్ వచ్చింది. ఆమె దాన్ని చూసి, తండ్రిని చూసి, ఫోను బోర్లించి పెట్టింది.

"ఒద్దు సార్, చదవనివ్వండి," అంది. "ఖాళీగా వదిలితే టీవీ పెట్టుకుని కూర్చుంటారు. అడక్కూడదు, చేర్చెయ్యాలి."

"శ్రీలేఖా!"

"పైగా మన లైనే కదా నాన్నా. కొత్త వాల్వులొచ్చాయట. పంతులుగారికి సారీ చెప్పు."

డీన్‌కు తెలుగు రాదు. కానీ గార్డియన్ గొంతు ఏ భాషలోనైనా ఒకటే. ఆయన శ్రీలేఖ వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. ఇంత బాధ్యత గల గార్డియన్ ఈ మధ్య కాలంలో తమ కాలేజీకి రాలేదని వాజిద్‌తో చెప్పించాడు కూడా. ఆ మధ్యాహ్నం ఆమె వెనక గేటులోంచి ఆయేషాతో కలిసి సైకాలజీ క్లాసుకు పోయింది. పంతులుకు సారీ చెప్పి ముందు గేటులోంచి వస్తూ రాధాకృష్ణ, ఎవరినో ఒకరిని తిట్టాలని కాకినాడ బావమరిదికి ఫోన్ చేశాడు. అతను అప్పటికే ఫోటో చూసి ఉన్నాడు. "కాలేజీలో చేరావటగా బావా! నిజంగా వింతే!" అన్నాడు.

ఆఫీసులో మేనేజరు ఈ వయసులో కూడా చదువుకుంటున్నందుకు మెచ్చుకుని, క్లాసున్న రోజుల్లో కిటికీ పక్క కుర్చీ రామాంజి చూసుకుంటాడన్నాడు. ఆ మెచ్చుకోలు తలచుకున్నప్పుడల్లా రాధాకృష్ణకు ఇప్పటికీ కోపం వస్తుంది. అయినా క్లాసు మాత్రం ఒక్కటీ మానలేదు. ఆ వాల్వు సంగతి తేల్చేదాకా ఊరుకోనని అందరితోనూ చెబుతూనే ఉన్నాడు.

నెల తిరిగేసరికి గార్డియన్ ఫోనుకు రిపోర్టు వచ్చింది. 'తెలివైనవాడు. పక్కవాళ్ళతో ఎక్కువ మాట్లాడతాడు. బెంచీ కింద ఫోను చూస్తాడు. ఇంట్లో కాస్త శ్రద్ధ పెట్టవలసిందిగా మనవి.'

శ్రీలేఖ చదివి, ఆయన ఫోను తీసి ఫ్రిజ్ మీద పెట్టింది.