ఉడుత చారుమతి ఐపీ పెట్టింది

ఒక పెద్ద అడవిలో, అప్పు లేని జంతువుని అందరూ అనుమానంగా చూసే రోజుల్లో, చారుమతి అనే ఉడుత ఉండేది. వయసు చిన్నది, హుషారు పెద్దది. లెక్కలంటే ప్రాణం. తోక ఒకసారి ఊపేలోగా వడ్డీ తేల్చేది, రెండోసారి ఊపేలోగా చక్రవడ్డీ తేల్చేది.

ఆ అడవిలో డబ్బంటే జీడిపిక్కలే. అప్పు చేసి మరీ చారుమతి వాగు దాటించే తీగ సర్వీసు పెట్టింది. ఈ గట్టు చెట్టుకీ ఆ గట్టు చెట్టుకీ ఒక తీగ, తీగకి ఒక బుట్ట, తలకి ఒక పిక్క. రోజుకి ఎన్ని కుందేళ్ళు దాటతాయో, వానాకాలంలో ఎన్ని ముంగిసలు దాటతాయో, బుట్ట ఎంత బరువు ఆపుతుందో, అన్నీ లెక్క కట్టింది. మొదటి బేరం ఏనుగు అవుతుందని మాత్రం లెక్క కట్టలేదు.

"బోణీ బేరం, కాదనకూడదు" అనుకుంది పాపం.

తీగ తెగింది. బుట్ట పిప్పి అయింది. వాగు మధ్యలో కూలబడ్డ ఏనుగు తొండం ఎత్తి, "ఏమ్మాయ్, సగం దూరమే కదా వచ్చాను, సగం పిక్క వెనక్కివ్వు" అంది.

సర్వీసు ఒక్క పూట నడిచింది. అప్పు మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. అసలూ వడ్డీ కలిపి ఎలుగుబంటి భద్రయ్యకి మూడు వందల పిక్కలు, పందికొక్కు గవరమ్మకి నూట ఎనభై. మొత్తం నాలుగు వందల ఎనభై. చారుమతి చేతిలో ఉన్నవి పన్నెండు. అందులో ఒకటి పుచ్చు.

భద్రయ్య వచ్చి చెట్టు మొదట్లో వీపు గోక్కుంటూ చెప్పాడు. "అమావాస్య దాకా చూస్తాను. నా పిక్కలు పడకపోతే నీ తొర్ర నాది."

"బాబాయ్, నా తొర్రలో నీ బొటనవేలు కూడా పట్టదు కదా!"

"పట్టకపోతే బయట కూర్చుని చూసుకుంటాను. నాదే అని."

ఆ మాటకి చారుమతికి మొదటిసారి నవ్వు రాలేదు. ఆ తొర్ర వాళ్ళమ్మ ఒక ఎండాకాలమంతా కొరికి కొరికి చేసింది. లోపల బూరుగు దూది పరుపు, ఒక మూల వాన రాని కిటికీ. అది పోతే ఇక ఉండేది కొమ్మ మీదే, వానలోనే.

కోర్టు గుమాస్తా వీరాచారి అదే చెట్టు పై కొమ్మలో కాపురం. వడ్రంగి పిట్ట. కోర్టు కాగితాలన్నిటికీ ముక్కుతో ముద్ర కొట్టేది ఆయనే. ఆయన తల కిందికి వేలాడేసి అన్నాడు. "ఐపీ పెట్టెయ్యవే పిల్లా. మనుషులు పెడతారే, అది. 'నా దగ్గర ఏమీ లేదు మహాప్రభో' అని కోర్టులో చెప్పుకుంటే, ఉన్నదేదో అప్పులవాళ్ళకి పంచి మిగతా అప్పు కొట్టేస్తారు. ఉండే తొర్ర జోలికి ఎవరూ రారు."

"అంతేనా! ఎంత బాగుంది!" చారుమతి కొమ్మ మీద మూడు గంతులు వేసింది. "మరి లాయరు కావాలా?"

"నేను సలహా ఇవ్వకూడదు. గుమాస్తాని" అని వీరాచారి తల పైకి లాగేసుకున్నాడు.

లాయరు జంబుకేశ్వరరావు అడవిలోకెల్లా పేరున్న నక్క. ఆయన గుహ ముందు ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉండేవారు. వాళ్ళు క్లయింట్లు కారు, ఫీజు బాకీ తీర్చడానికి ఆయన గుహ ఊడుస్తున్న పాత క్లయింట్లు.

"ఐపీయా? దివ్యంగా పెట్టొచ్చు" అన్నాడు జంబుకేశ్వరరావు. "నా ఫీజు అయిదు వందలు. ముందుగా."

చారుమతి తోక ఒక్క ఊపు ఊపింది. "లాయరుగారూ, అయిదు వందలే ఉంటే నాలుగు వందల ఎనభై అప్పు తీర్చేసి, మిగిలిన ఇరవైతో నేరేడు పళ్ళు కొనుక్కుంటాను కదండీ!"

"అందరూ చేసే పొరపాటు అదేనమ్మా. అప్పు తీర్చేశాక ఇక ఐపీ ఎలా పెడతావు?"

"పెట్టక్కర్లేదు కదండీ!"

"చూశావా, లాయరు లేకపోతే ఇలాగే తికమకపడతారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకో దారి ఉంది. భద్రయ్య దగ్గర ఇంకో అయిదు వందలు ఇప్పిస్తాను. దాంతో నా ఫీజు కట్టు. ఆ అప్పు కూడా పిటిషనులో కలిపేద్దాం. మొత్తం తొమ్మిది వందల ఎనభై, ఒక్క దెబ్బకి ఎగిరిపోతుంది."

లెక్క ఎంత అందంగా ఉందంటే చారుమతికి ఒళ్ళు పులకరించింది. రెండుసార్లు వేసి చూసుకుంది. రెండుసార్లూ కుదిరింది.

"ఇంకోటి కూడా విను" అన్నాడు జంబుకేశ్వరరావు. "దివాలా పిటిషనులో ఒక్క వాక్యం ఉంటుంది. అది రాస్తే ఎవరి తొర్రా పోదు. ఆ వాక్యం తెలిసింది ఈ అడవిలో నా ఒక్కడికే."

"ఏమిటండీ అది?"

"అయిదు వందలు."

చారుమతి ఇంటికొచ్చి నిర్ణయం తేల్చుకోవడానికి చెట్టు ఎక్కడం దిగడం మొదలెట్టింది. ఎక్కేటప్పుడు "లాయరు" అనుకుంది, దిగేటప్పుడు "సొంతం" అనుకుంది. ఎక్కితే, ఆ వాక్యం దొరుకుతుంది, తొర్ర దక్కుతుంది. దిగితే, ఎగ్గొట్టడానికే చేసే అప్పు అప్పెలా అవుతుంది, అది దొంగతనం కదా? పాత అప్పు తీర్చాలనే చేసింది, ఏనుగు వచ్చింది, అది వేరు. మళ్ళీ ఎక్కితే, తనకి చట్టం రాదు. దిగితే, చదువు వచ్చు, లెక్క వచ్చు. ఎక్కి దిగి ఎక్కి దిగి, ఆఖరికి ఆయాసం వచ్చి ఆగింది. ఆగింది కిందనే.

"అయితే సొంతంగానే!" అని అరిచింది. "అడిగినదానికి నిజం రాస్తే సరి. నిజానికి లాయరెందుకు?"

వీరాచారి పైనుంచి దగ్గాడు. గుమాస్తా కదా, దగ్గడం వరకే.

పిటిషను టేకాకు మీద రాయాలి. మొదటి ప్రశ్న పేరు, రెండో ప్రశ్న అప్పులు, చకచకా రాసేసింది. మూడో ప్రశ్న దగ్గర నవ్వింది. 'నేల కింద దాచిన ఆస్తి ఏమైనా ఉన్నదా? ఉన్నచో ఎక్కడ?'

ఆ ప్రశ్న అడవిలో అందరికీ కంఠతా వచ్చు. కిందటేడు సింహంగారు పాతర పన్ను వేశారు. నేల కింద ఎవరు ఏది దాచినా అందులో సగం ఆయనది. అప్పుడు అడవంతా వరసలో నిలబడి, కోర్టులో, న్యాయమూర్తి తాబేలు కూర్మారావుగారి ఎదుట, "మాకు పాతరలు లేవు" అని ప్రమాణం చేసింది. భద్రయ్య చేశాడు, గవరమ్మ చేసింది, జంబుకేశ్వరరావు రెండుసార్లు చేశాడు. చారుమతి ఒక్కతే, "దాచానండీ, ఎక్కడో గుర్తులేదు" అంటే అందరూ పగలబడి నవ్వారు. ఉడుతలంతా అంతే. దాస్తారు, మర్చిపోతారు. దొరికినప్పుడు కట్టమని వదిలేశారు.

ఇప్పుడూ అదే నిజం. 'దాచాను. ఎక్కడో గుర్తులేదు' అని రాసింది.

వీరాచారి ఆకు చదివాడు. "పిల్లా, నేను సలహా ఇవ్వకూడదు."

"తెలుసు బాబాయ్."

"ఇవ్వడం లేదు కూడా. కానీ మూడో జవాబు చూస్తుంటే నా ముక్కు దురద పెడుతోంది."

"నిజమే కదా రాశాను."

"అదే దురద" అని టక్కున ముద్ర కొట్టేశాడు.

విచారణ రోజు చారుమతి కోర్టుకి వెళ్ళి చూస్తే అప్పులవాళ్ళ పక్కన జంబుకేశ్వరరావు నల్లకోటు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. భద్రయ్యా గవరమ్మా కలిసి ఆయన్ని పెట్టుకున్నారు. ఫీజు గెలిచాక ఇచ్చే ఏర్పాటు.

"అయ్యా" అన్నాడు జంబుకేశ్వరరావు, "ఈమె దివాలా తీయలేదు. నటిస్తోంది. తన చేత్తోనే రాసింది, 'దాచాను' అని. ఎక్కడో గుర్తులేదట! అడవంతా తవ్వించాలని మా మనవి."

గవరమ్మ పళ్ళు నూరింది. "తవ్వండి! నా నూట ఎనభై కక్కిస్తాను!"

కూర్మారావుగారికి ఏదైనా కష్టమైన విషయం ఎదురైతే తల డొప్పలోకి లాక్కుంటారు. అప్పుడు వాయిదా అని అర్థం. కానీ ఆ రోజు ఎండగా ఉంది, విషయం తేలికగా తోచింది. "తవ్వండి" అన్నారు.

అడవిపందులు పదిహేను దిగాయి. తవ్వడం అంటే వాటికి పండగ. డప్పు ఒక్కటే తక్కువ. కోతులు చెట్లెక్కి ఈలలు వేశాయి. ముంగిసలు పల్లీలు అమ్మాయి. చారుమతి భయపడాలో ఎగరాలో తెలీక రెండూ చేసింది.

సాయంత్రానికి కోర్టు ముందు గుట్ట పడింది.

మొదట వచ్చాయి తేనె కుండలు, భద్రయ్య గుహ వెనకనుంచి. పెద్ద పంది అడిగింది. "ఇవి ఎవరివండీ?"

భద్రయ్య నోరు తెరిచాడు. పక్కనే సింహంగారి పన్ను వసూలుదారు తోడేలు కూర్చుని ఉంది. భద్రయ్య నోరు మూశాడు. "నావి కాదు. నాకు తేనె పడదు."

తరవాత గవరమ్మ కన్నాల కిందనుంచి ధాన్యం వచ్చింది, బస్తాల లెక్కన. "రామరామ, నాకెక్కడివి?" అంది గవరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

జంబుకేశ్వరరావు గుహ అరుగు కిందనుంచి జీడిపిక్కలు. కోడి ఈకలతో సహా. "ఎవరో గిట్టనివాళ్ళు పెట్టి ఉంటారు" అన్నాడు ఆయన, గొంతు సవరించుకుంటూ.

ఆఖరున చిన్న పంది పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, మీరు కూర్చునే బండ కింద మూడు గంపల పిక్కలు దొరికాయండీ!"

కూర్మారావుగారి తల డొప్పలోకి పోయింది. చాలాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది. "ఈ అమ్మాయివే అయి ఉంటాయి. ఎక్కడబడితే అక్కడ దాచేస్తుంది."

"అయ్యో, నావి కాదండీ!" చారుమతి గెంతింది. "తేనె నేను తిననే తినను!"

"గుర్తులేదని రాశావా లేదా?"

"రాశానండీ."

"ఎక్కడ దాచావో గుర్తులేనిదానివి, నీది కాదని ఎలా గుర్తుంది?"

చారుమతి తోక కొరుక్కుంది. అవి ఎవరివో భద్రయ్యకి తెలుసు, చెప్పేందుకు లేదు. జంబుకేశ్వరరావు, "అభ్యంతరం" అన్నాడు. "ఏమని?" అంది తోడేలు ఆసక్తిగా. "ఏమీ లేదు" అన్నాడు జంబుకేశ్వరరావు.

వీరాచారి గుట్టనంతా పిక్కల్లోకి మార్చి లెక్క కట్టాడు. రెండు వేలు. చారుమతి తోక దానంతట అదే ఊగింది. సింహంగారికి సగం, వెయ్యి. అప్పులు నాలుగు వందల ఎనభై. కోర్టు ఖర్చులు ఇరవై.

"మిగిలేది అయిదు వందలు!" అని అరిచేసింది.

జంబుకేశ్వరరావు చెవులు అలవాటు కొద్దీ నిక్కబొడుచుకున్నాయి. "అమ్మాయీ, ఇప్పుడు నన్ను పెట్టుకోవచ్చు."

తీర్పు వచ్చింది. ఇంత ఆస్తి ఉన్న జీవి దివాలా తీయడం కోర్టుకి అవమానం. పిటిషను కొట్టివేయడమైనది. అప్పులు తీరినవి, తొర్ర ఆమెదే.

భద్రయ్యకి తన తేనెలోంచే మూడు వందల పిక్కల విలువకి ఒక కుండ కొలిచి ఇచ్చారు. లెక్క అర్థమయ్యేకొద్దీ ఆయన ఆ కుండని మరీ గట్టిగా వాటేసుకున్నాడు.

చారుమతికి ఆ అయిదు వందలు సహించలేదు. పరాయి సొమ్ము. ఎవరిదో వాళ్ళని వచ్చి తీసుకోమని కోర్టు గుమ్మంలో పెట్టి, వారమంతా చాటింపు వేయించింది. తోడేలు కూడా వారమంతా ఆ గుమ్మంలోనే కూర్చుంది. ఒక్కరూ రాలేదు. వారం గడిచాక చారుమతి ఆ పిక్కలతో వాగు మీద కర్ర వంతెన వేయించింది. ఏనుగుతో తొక్కించి మరీ చూసుకుంది.

అమావాస్య నాడు చెట్టు కింద వీపు గోక్కుంటున్న చప్పుడు.

"అమ్మాయ్" అన్నాడు భద్రయ్య, తల దించుకుని. "ఆ ఐపీ పిటిషను ఎలా రాస్తారు?"

వెనకాల గవరమ్మ. గవరమ్మ వెనకాల, నల్లకోటు చంకలో పెట్టుకుని, జంబుకేశ్వరరావు. కోర్టులో ముట్టింది పాత అప్పులకే పోయింది, ముగ్గురికీ నిజంగానే ఏమీ మిగల్లేదు, ఇంకా తీరని అప్పులు తప్ప.

"రాసిపెడతాను" అంది చారుమతి. "పిక్కలేమీ వద్దు. లాయరుగారి దగ్గర మాత్రం ఫీజు తీసుకుంటాను. ఆ రోజు చెప్పని వాక్యం ఉంది చూశారూ, అది చెప్పాలి."

జంబుకేశ్వరరావు అటూ ఇటూ చూసి చెట్టుకి దగ్గరగా వచ్చాడు. మూడో ప్రశ్న దగ్గర రాయాలట. 'వివరాలు మా లాయరుగారికి తెలుసు.'

"అంతేనా?"

"అంతే."

చారుమతి నవ్వి నవ్వి కొమ్మ మీదినుంచి జారి దూదిలా భద్రయ్య నెత్తిన పడింది.

అన్నట్టు, పదిహేను పందులు అడవంతా తవ్వినా, చారుమతి దాచిన గింజలు మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఎక్కడున్నాయో ఆమెకి ఇప్పటికీ గుర్తులేదు.

ఇందులో నీతి ఏమిటంటే, దివాలా పిటిషను వేయడానికి మనకి లాయరు అక్కర్లేదు, అప్పులవాళ్ళకి ఒక మంచి లాయరు ఉంటే చాలు.