మొదటి యాభై టర్నులు, మూడు క్వార్టర్లు

ఏ నాగరికత భవితవ్యమైనా మొదటి యాభై టర్నుల్లోనే తేలిపోతుంది. ఆ తర్వాత మిగిలేదంతా గుమాస్తా పని. ఈ మహాసత్యాన్ని కనిపెట్టినవాడు స్వయంగా ఓ గుమాస్తాయే. కంప్యూటర్లో వంతులవారీగా రాజ్యాలు కట్టే ఆటలో ఆయన ఇప్పటికి మూడువందల పన్నెండు సామ్రాజ్యాలు స్థాపించాడు. యాభై ఒకటో టర్ను ఎలా ఉంటుందో మాత్రం ఆయనకు తెలియదు. ఎక్కడో ఓ కొండ తక్కువైందనిపించగానే ఉన్న రాజ్యాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. (దీన్ని ఓటమి అనకూడదు, ప్రమాణాలు అనాలి.) కొత్త ఆటగాళ్ల కోసం ఆయన ఇంటర్నెట్లో పెట్టిన సలహాలను వేలమంది చదివేవారు. రాజధాని మంచినీటి పక్కన పెట్టండి. అద్భుత కట్టడాల జోలికి అప్పుడే పోకండి. అన్నిటికన్నా ముందు వేగులవాణ్ణి పంపండి. పక్క చోటు చూడకుండా ఉన్నచోట పునాది వెయ్యకండి.

ఆయన సొంత రాజధాని ఒంటిగది అద్దె ఇల్లు. అందులో భార్య, పదేళ్ల కూతురు, కంప్యూటరు కాపురం ఉండేవారు. కంప్యూటరుకు బల్ల ఉంది. కూతురు మంచం మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసుకునేది.

వాళ్లకు ఆఫీసు క్వార్టరొక్కటే దిక్కు. సిబ్బంది గృహ కేటాయింపు సంఘం నియమావళి ప్రకారం ఉద్యోగికి మూడుసార్లు పిలుపు వస్తుంది. పిలిచినప్పుడల్లా ఒక ఇల్లు చూపిస్తారు. అవునో కాదో అక్కడే నిలబడి చెప్పాలి. కాదంటే వరస చివరికి పోవాలి. మళ్లీ పిలుపు రావడానికి నాలుగేళ్లు. మూడోసారీ కాదన్నవాణ్ణి 'ప్రస్తుత నివాసంతో సంతృప్తి చెందినవాడు'గా గుర్తించి ధ్రువపత్రం ఇస్తారు. (దానికి రెండు ఫొటోలు జతచేయాలి. ఫొటోలో నవ్వుతూ ఉండాలి.)

మొదటి ఇల్లు, కుళాయి దూరమని వదిలాడు. రెండోది పల్లంలో ఉందని వదిలాడు. శత్రువు ఎటునుంచి వస్తాడో కనిపించదట. మూడో పిలుపు వచ్చిన పొద్దున భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, ఈసారి ఏది చూపించినా తలూపెయ్యండి. రెండు గదులుంటే చాలు, నాకింకేం వద్దు."

"తొందరపడి మొదటి ఊరు పెడితే ఆటంతా కుంటుపడుతుంది, నీకు తెలీదు."

"ఆటేంటండీ! మంచం మీద రాసి రాసి పిల్లకి మెడ పట్టేస్తోంది. దాని మొహం చూసైనా ఒప్పుకోండి."

ఆమె కళ్లనీళ్లు చూసి ఆయన నిజంగానే కరిగిపోయాడు. ఒప్పుకుంటానని కూతురికి మాటిచ్చి బయల్దేరాడు.

కేటాయింపు అధికారి తాళం తీశాడు. రెండు గదులు, వంటిల్లు, వంటింట్లోనే కుళాయి. కిటికీ పక్కన కూతురు కూర్చుని రాసుకుంటున్నట్టే అనిపించింది గుమాస్తాకు. ఒప్పుకుందామనే నోరు తెరిచాడు.

"పక్కిల్లు కూడా ఖాళీయేనా?" అన్న మాట బయటికొచ్చింది.

"ఖాళీయే. రేపటి జాబితాలో ఉంది."

"ఒక్కసారి చూడొచ్చా?"

"భేషుగ్గా చూడొచ్చు," అన్నాడు అధికారి. "కాకపోతే ఇది వద్దని సంతకం పెట్టినవాళ్లే చూడాలి. పదకొండో నియమం."

చూడకుండా పునాది వెయ్యడానికి గుమాస్తాకు చెయ్యాడలేదు. ఆ చెయ్యే సంతకానికి మాత్రం చక్కగా ఆడింది. పక్కిల్లు తెరిచారు. అచ్చం మొదటిదే, గోడల రంగుతో సహా. ఆయన పరుగున వెనక్కి వచ్చేసరికి, వరసలో తర్వాత ఉన్న టైపిస్టు తాళంచెవి పర్సులో వేసుకుంటోంది.

"లోపల చూశావామ్మా?" అని అడిగాడు ఆశగా.

"దేనికి సార్? పైకప్పుంది కదా!"

ధ్రువపత్రం వారంలో వచ్చింది. (ఈ సంఘంలో ఇంత వేగంగా వచ్చేది అదొక్కటే.) భార్య దాన్ని చదివి, మడిచి ఆయన చేతిలో పెట్టి, ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇళ్లను ఇంత నిశితంగా పరిశీలించినవాడు మరొకడు లేడని గుర్తించిన సంఘం, ఇల్లు ఎంచుకోవడంలో కొత్త ఉద్యోగులకు సలహాలిచ్చే పదవిలో ఆయన్ని నియమించింది. ఆఫీసులో రెండు కిటికీల విశాలమైన గది కేటాయించింది.

ఒకరోజు బడి వదిలాక కూతురు వచ్చింది. గదంతా కలియతిరిగి, గోడలు తడిమి చూసింది.

"నాన్నా, మనం ఇక్కడే ఉండిపోవచ్చా?"

ఆయన నియమావళి తిరగేశాడు.

"కుదరదమ్మా," అన్నాడు. "మనం ఉన్న ఇంట్లో సంతృప్తిగా ఉన్నాం."