మూడో అంతస్తులో అనారోగ్యం

జబ్బు చేసిన ప్రతివాడూ రోగి కాడు. ఎవరు రోగో, ఎవరు ఊరికే బాధపడుతున్నారో తేల్చడానికి ప్రభుత్వం ఒక శాఖనే నెలకొల్పింది. దాని పేరు వృద్ధుల మరియు అల్పాదాయ వర్గాల ఆరోగ్య బీమా అర్హతా నిర్ధారణ శాఖ. (ఈ పేరు ఒక్క ఊపిరిలో చదవగలిగినవారికి ఊపిరితిత్తుల జబ్బు లేనట్టే లెక్క.)

బైండరు గారికి అరవై ఆరేళ్ళు. చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు కట్టి నలభై ఏళ్ళు బతికిన మనిషి. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, నెలలోపు ఆపరేషన్ చేయించాలనీ డాక్టరు చెప్పాడు. అంత స్తోమత లేదు కనుక, బస్సు కండక్టరైన కూతురు సెలవు పెట్టి ఆయన్ని బీమా కార్డు కోసం తీసుకెళ్ళింది.

ముందు అల్పాదాయ విభాగం. ఆదాయం చూసి గుమాస్తా ముచ్చటపడ్డాడు. ఇంత శుభ్రమైన పేదరికం ఈమధ్య చూడలేదన్నాడు. తర్వాత వయసు చూసి పెదవి విరిచాడు. అరవై అయిదు దాటగానే పేదరికం వృద్ధాప్యంలో విలీనమవుతుందట. వృద్ధుల విభాగానికి వెళ్ళమన్నాడు. అక్కడి ఆవిడ వయసు మీద ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అయితే పదేళ్ళు చందా కట్టిన ఉద్యోగులే తమ దృష్టిలో వృద్ధులనీ, మిగతావాళ్ళు కేవలం వయసు మళ్ళిన పేదలనీ, వాళ్ళ సంగతి అల్పాదాయ విభాగం చూస్తుందనీ ఓపిగ్గా వివరించింది.

తండ్రీకూతుళ్ళు ఆ రెండు గదుల మధ్య నాలుగుసార్లు తిరిగారు. నాలుగోసారి బైండరు గారు వరండాలో బల్ల మీద కూలబడ్డారు.

కూతురు గొంతు పెంచలేదు. "మా నాన్న పేదవాడా, ముసలివాడా? ఏదో ఒకటి ఖాయం చెయ్యండి సార్. అదే అయిపోతాడు" అంది.

గుమాస్తా కరిగిపోయాడు. రెండూ ఒకేసారి అయిపోయినవారికి ప్రత్యేక కేటగిరీ ఒకటుందనీ, తాను చెప్పినట్టు ఎక్కడా అనొద్దనీ గుసగుసగా చెప్పాడు. దరఖాస్తుదారు మూడో అంతస్తులో ఉన్న అనారోగ్య ధ్రువీకరణ అధికారి ముందు స్వయంగా హాజరు కావాలి. లిఫ్టు ఉంది. అది సిబ్బందికి. (రోగుల్ని ఎక్కిస్తే, దారిలో వాళ్ళకేమైనా అయితే లిఫ్టు మీదికి వస్తుంది.)

తండ్రిని బల్ల మీదే ఉంచి కూతురు పైకి వెళ్ళింది. అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, నిబంధన చదివి వినిపించాడు. మెట్లెక్కి వచ్చినవారు ఆరోగ్యవంతులు, కనుక అనర్హులు. రానివారు గైర్హాజరు, కనుక అనర్హులు.

"మరి ఇప్పటిదాకా కార్డు ఎవరికిచ్చారండీ?"

"ప్రస్తుతం అర్హత చూస్తున్నామమ్మా. ఇవ్వడం దాకా ఇంకా రాలేదు."

ఆమె దిగి వస్తుంటే రెండో అంతస్తు మలుపులో తండ్రి కనిపించాడు. మెట్టు మీద కూర్చుని, ఊచ పట్టుకుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. "నీ సెలవు దండగైపోతుందని..." అని మాత్రం అనగలిగాడు. ఆమె పక్కన కూర్చుని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. జనం వాళ్ళని దాటుకుని, కాగితాలు తడవకుండా ఎత్తి పట్టుకుని వెళ్ళారు. (ఆమె ఏడుస్తోంది.)

విషయం తెలిసి అధికారి రిజిస్టరుతో సహా దిగివచ్చాడు. ఆయనకీ తండ్రి ఉన్నాడు కాబోలు, మెట్టు మీదే కూర్చుని నిబంధనలన్నీ తిరగేశాడు. దరఖాస్తుదారు మూడంతస్తుల్లో రెండు ఎక్కారు కనుక మూడింట రెండు వంతులు ఆరోగ్యవంతులని తేల్చాడు. మిగిలిన ఒక వంతు అనారోగ్యానికి అక్కడికక్కడే కార్డు రాసి ముద్ర వేశాడు. శాఖ చరిత్రలో అది మొదటి కార్డు. గుమాస్తా కింద నుంచి చప్పట్లు కొట్టాడు.

ఆసుపత్రిలో కార్డు చక్కగా చెల్లింది. మంచం ఇచ్చారు, పరీక్షలన్నీ చేశారు, ఆపరేషన్ ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదమని రాసి కూడా ఇచ్చారు. ఆపరేషన్ మాత్రం కార్డు వర్తించని మిగతా రెండు వంతుల్లోకి వస్తుందన్నారు.

కూతురు మర్నాడే ఆ కాగితం పట్టుకుని శాఖకు పరుగెత్తింది. కార్డులు ఇస్తున్నారని తెలిసి రద్దీ విపరీతంగా పెరిగిందట. రోగుల సౌకర్యార్థం అనారోగ్య ధ్రువీకరణ విభాగాన్ని అయిదో అంతస్తుకి మార్చారు.